పప్పుకు పుట్టుక కాగితం

అన్నానికి లేచి వెళ్లిన సారు ఇంకా కుర్చీలోకి రాలేదు. వికారాబాద్ వ్యవసాయ కార్యాలయం వరండాలో భాగమ్మ గోడకు వీపు ఆనించి కూర్చుంది. ఒళ్లో చేతిసంచి. అందులో సంఘం ఆడవాళ్ల పాసుబుక్కుల నకళ్లు, పంట నమోదు కాగితాలు, ఒక కవరులో గుప్పెడు కందిపప్పు. నేల కాలుతోంది. పైన ఫ్యాను తిరుగుతోంది గాని గాలి కిందికి దిగడం లేదు.

పక్కన శ్యామల ఫోను చూసుకుంటోంది. సంఘం లెక్కలు రాసే పిల్ల, తాండూరులో డిగ్రీ చదివింది. భాగమ్మను పెద్దమ్మా అంటుంది.

"మలేషియా ఆయన మల్ల మెసేజ్ పెట్టిండు పెద్దమ్మా. సోమవారం లోపల కాగితం రాకుంటే సరుకు ఒద్దంటున్నడు."

"రాసేటోడు అన్నం తినాలె గద బిడ్డ. తినొస్తడు."

"నా పుట్టుక సర్టిఫికెటు గూడ ఇంత తిప్పలు పెట్టలె."

"నీకన్న ఉన్నది. నాకు అదీ లేదు. నేను ఎప్పుడు పుట్టిన్నో నాకే తెల్వది, పప్పు ఎక్కడ పుట్టిందో నేను చెప్పాల్నట." భాగమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది.

నాగులకుంటలో అరవై మంది ఆడవాళ్ల సంఘానికి భాగమ్మ పెద్ద. తలా ఎకరం, ఎకరంన్నర. కొందరికి రెండు. తాండూరు కందికి మంచి పేరుందని అందరూ అంటారు. ఆ పేరుకు వచ్చే డబ్బు మాత్రం మిల్లు గేటు దాటి చేను దాకా ఎన్నడూ రాలేదు. ఈ ఏడు మార్కెట్ యార్డులో క్వింటాలు ఏడు వేలకు మించి పలకలేదు. అలాంటప్పుడు శ్యామల ఎక్కడో వెతికి మలేషియాలో ఉన్న ఒక తెలుగు వ్యాపారిని పట్టింది. పప్పు చేసి పంపితే కందుల లెక్కన క్వింటాలుకు తొమ్మిది వేలు పడుతుంది. అయితే ఒక షరతు. మలేషియా వైపు దేశాలకూ మన దేశానికీ ఒక ఒప్పందం ఉంది. పప్పు ఈ దేశపు మట్టిలోనే పండిందని సర్కారు ఆరిజిన్ సర్టిఫికెట్ ఇస్తే అక్కడ సుంకం తగ్గుతుంది. సుంకం తగ్గితేనే ఆయనకు గిట్టుబాటు. లేదంటే బేరం లేదు.

ఆ కాగితం ఇచ్చేది హైదరాబాద్‌లో. దానికి ముందు వికారాబాద్ వాళ్లు విచారించి, అవును పండింది అని రాయాలి. ఆ రాతకోసమే ఈ తిరుగుడు. ఒకసారి వస్తే పాసుబుక్కులు కావాలన్నారు. తెస్తే, సగం పాసుబుక్కులు చచ్చిపోయిన మామల పేర్ల మీద ఉన్నాయన్నారు. వారసుల కాగితాలు తెస్తే ఆ రోజు సారు సెలవు. పప్పు నింపిన లారీ అప్పటికే హైదరాబాద్ గోదాము ముందు నిలబడి ఉంది. ఊరి ఆడవాళ్లెవరికీ ఇంకా ఒక్క రూపాయి ముట్టలేదు. ఏడాది పంటంతా ఆ లారీలోనే ఉంది.

మహేష్ సారు వచ్చాడు. ముప్పై ఏళ్లుండవు. లోపలికి పిలిచి కూర్చోమన్నాడు, అంతవరకు ఆ కార్యాలయంలో భాగమ్మను కూర్చోమన్నది ఆయనొక్కడే. కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేశాడు.

"అన్నీ సరిపోయినయమ్మా. ఇగ ఒక్కటే రాయాలె. కందులు ఎక్కడ పట్టించిన్రు?"

"తాండూర్ల సారూ. బాలప్ప సేటు మిల్లుల."

"ఎన్ని దినాలు పట్టింది?"

భాగమ్మకు నవ్వొచ్చింది. "దినాలెందుకు సారూ. పొద్దుగాల కందులు దించినం, పొద్దుమూకే యాళ్లకు పప్పు ఎత్తుకున్నం. మార్పిడి గద."

సారు ముఖం చూసి శ్యామల బల్ల కింద కాలితో తట్టింది. భాగమ్మకు అర్థం కాలేదు. సారు చేతిలో కలం ఆగింది.

"మార్పిడంటే?"

"మార్పిడి తెల్వదా సారు మీకు. మన కందులు ఆయన కుప్పల పోస్తం. ఆయన దగ్గర తయారున్న పప్పు మనకు కొలిచిస్తడు. క్వింటాలుకు అరవై ఎనిమిది కిలోలు. మా అమ్మ నాటి సంది అంతే. నానబెట్టుడు, నూనె రాసుడు, ఎండబెట్టుడు, గా పనంతా ఎవరు చేస్తరు."

మహేష్ కలం బల్లమీద పెట్టాడు. "అంటే లారీల ఉన్నది మీ చేన్ల పప్పు కాదు."

"మాదే సారూ. మా కందులకే ఇచ్చిండు."

"అమ్మా, తాండూరు మిల్లులకు ఓడల మీద ఆఫ్రికా కందులు గూడ వస్తున్నయ్, బర్మావి వస్తున్నయ్. ఆ పప్పు మీకు ఇచ్చిండో, ఇక్కడిది ఇచ్చిండో ఎట్ల చెప్తరు? ఒప్పందంల ఏమున్నదంటే, గింజ ఇక్కడనే పండాలె. బయట పండింది తెచ్చి ఇక్కడ పొట్టు తీసి పంపితే చెల్లదు."

"కంది కందే గద సారూ."

"తినేటోడికి అంతే. కాగితానికి కాదు."

మహేష్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "మీరు ఆ మాట అనకుంటె బాగుండు. నేను ఇన్లేదనుకుంట. మీ కందులు వేరుగా పట్టిచ్చినట్టు మిల్లాయన తోటి ఒక చిట్టీ రాయించుకొని రండి. అది ఫైల్ల పెట్టి నా రాత నేను రాస్త. చిట్టీ లేకుంటే నాతోని కాదమ్మా. రేపు ఎవరన్న తవ్వితే నా నౌకరీ పోతది."

భాగమ్మ దండం పెట్టింది. ఆయన మంచివాడే. మంచివాడు కనకనే ఇంకేమీ అడగడానికి నోరు రాలేదు.

తాండూరు రైలు ధారూర్ దాటింది. శ్యామల కిటికీ వైపు చూస్తూ అంది. "తట్టిన గద పెద్దమ్మా."

"తడితె నాకేం తెల్వాలె. దొంగతనం చేసినట్టు చెప్పకు అని ముందుగాల చెప్తె చెప్పకపోదు."

"నాకు గూడ తెల్వది. మార్పిడి తప్పని నాకూ తోచలె. సారు మొకం చూసినంక తోచింది."

భాగమ్మ కళ్లు మూసుకుంది. మార్పిడి చేద్దామన్నది తనే. సంఘం కూర్చున్నప్పుడు కిష్టప్ప, అంటే ఆమె మరిది, మన కందులు మనమే పట్టిద్దాం అన్నాడు. కళ్లం అద్దెకు తీసుకోవాలి, ఎండబెట్టడానికి కూలీలను పెట్టాలి, పైన మొగులు పట్టి ఉంది. తడిస్తే అంతా బూజు. గింత తిప్పలెందుకు, సేటు కుప్ప తయారుగ ఉన్నది అని తనే అంది. అందరూ సరే అన్నారు. తలమీద గంపతో కందులు తీసుకుపోయి అదే గంపలో పప్పు తెచ్చుకోవడం తప్ప ఇంకో పద్ధతి ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. నా గింజ ఏది, నీ గింజ ఏది అని అడిగితే నవ్వేవాళ్లు.

బాలప్ప మిల్లు కళ్లంలో ఆడవాళ్లు నూనె పట్టిన కందులను కాళ్లతో తిరగేస్తున్నారు. రోజుకు మూడు వందల యాభై కూలి. మడమలు పసుపు రంగుకు తిరిగాయి. షెడ్డులో సంచులు కప్పును తాకుతున్నాయి. కొన్నిటి మీద తెలుగు, కొన్నిటి మీద కన్నడం, కొన్నిటి మీద ఎవరికీ తెలియని రాత.

బాలప్ప సేటు అరుగు మీద కుర్చీ వేసుకుని చాయ్ తాగుతున్నాడు. అరవై దాటిన మనిషి. తాండూరులో పుట్టినా సరిహద్దు అవతలి చుట్టరికం, మాటలో కన్నడపు యాస పోలేదు.

"ఏమ్ భాగవ్వ, మలేషియా పోయినవనుకున్న. ఇక్కడ్నే ఉన్నవా?"

"పోనిస్తున్నరా సేటూ." జరిగిందంతా చెప్పింది. "మాకు ఇచ్చిన పప్పు మా కందులదేనని ఒక చిట్టీ రాసియ్యి."

బాలప్ప చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నీ కందులదని నేనెట్ల రాస్త? నాకే తెల్వదు. ఆ దినం కుప్పల నాలుగు లారీలవి కలిసున్నవి. ఇక్కడివి, కర్ణాటక సేడం వైపువి, ఓడ మీద వచ్చినవి. నిజం చెప్తున్న. నీకు తగ్గియ్యలే కద?"

"తగ్గియ్యలె."

"తూకం తప్పిందా?"

"తప్పలె."

"మరి నాదేమి తప్పు భాగవ్వ."

తప్పు ఆయనది కాదు. సారుదీ కాదు. ఎక్కడ వెతికినా తప్పు దొరకలేదు గాని లారీ మాత్రం కదలలేదు.

బాలప్ప లెక్కలు రాసే మునీంను పిలిచి ఏదో చెప్పాడు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "చూడు. నీకు చేన్లున్నయి, మిల్లు లేదు. నాకు మిల్లుంది, చేన్లు లేవు. నేను గూడ అదే దేశం పంపాలె, పది లారీలు. నన్ను గూడ అడుగుతున్నరు, ఏ రైతు పండించిండో పేర్లు రాయమని. నీ చిట్టీ నేను రాస్త. నా పది లారీల కందులు గూడ మీ నాగులకుంటలనే పండినయని మీ సంఘం సంతకాలు పెట్టాలె. అంతే. నీకూ సాఫ్, నాకూ సాఫ్."

"పది లారీలు మా ఊళ్లె ఎక్కడ పండుతయ్ సేటూ?"

"పండినయని రాస్తే పండినట్టే. మిమ్మల్ని పైసలడుగుతున్ననా? చిక్కి పోతున్నవ్, జర నీడకు కూర్చో. చాయ్ తాగు."

చాయ్ తాగింది. కాదనడానికి కూడా ఓపిక లేదు.

ఆదివారం మిల్లు మునీం మోటారుసైకిల్ మీద నాగులకుంటకు వచ్చాడు. అంగన్‌వాడీ వరండాలో సంఘం ఆడవాళ్లంతా కూర్చున్నారు. కిష్టప్ప మెట్టు మీద చుట్ట కాలుస్తున్నాడు. సంఘంలో పేరు ఆయన భార్యది, మాట ఆయనది. పక్క ఊళ్లో చేను కౌలుకు పట్టి ఈ ఏడు అందరికన్నా ఎక్కువ కందులు పోసింది ఆయనే.

మునీం కాగితాలు శ్యామల చేతికిచ్చాడు. శ్యామల చదివింది. మిల్లుకు పోసిన కందులు, పేరు పేరునా.

"భాగమ్మ, తొంభై క్వింటాళ్లు."

ఆడవాళ్లు నవ్వారు. "అక్కా, మాకు తెల్వకుంట ఎక్కడ పండిచ్చినవే."

"రాత్రి రాత్రి పండిచ్చింది."

"లక్ష్మమ్మ, నలభై క్వింటాళ్లు."

నవ్వు ఇంకా పెద్దదైంది. లక్ష్మమ్మ కూడా ముందు నవ్వింది. ఆమెకున్నది ఎకరంన్నర. ఈ ఏడు పూత మీద ఉండగా ఎండు తెగులు తగిలి చేనంతా నిలబడే ఎండిపోయింది. కట్టెలు కోసుకుని పొయ్యికి తెచ్చుకుంది. సంఘం లారీలో ఆమె గింజ ఒక్కటీ లేదు, పేరు మాత్రం సంఘంలో ఉంది.

నవ్వు ఆగాక ఆమె అడిగింది. "గిది ఎక్కడ పెడ్తరు?"

"సర్కారుకు పోతది," అన్నాడు మునీం.

"నా చేను ఎండిందని గా సర్కారోళ్లే ఒచ్చి ఫోటో దీస్కపోయిన్రు. నష్టం ఇస్తమని రాసుకున్నరు. ఇప్పుడు నలభై పండిందని నేనే రాసిస్తే నష్టమెవలిస్తరు?"

"వాళ్లు వేరే, వీళ్లు వేరే అవ్వా."

"ఫోన్ల ఏస్తే అన్నీ ఒక్కదగ్గరనే కనబడ్తయట గద. మా పిల్ల చెప్పింది." ఆమె శ్యామల వైపు చూసింది. శ్యామల తల దించుకుంది. అవునన్నట్టే.

వెనక నుంచి ఇంకొక ఆమె, "నాది గూడ సగం ఎండింది, నాకెంత రాసిన్రు?" అంది. మరొకామె లేచింది. నష్టానికి దరఖాస్తు పెట్టినవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. అప్పటిదాకా నవ్విన వరండాలో మాటలు ఎక్కువయ్యాయి.

కిష్టప్ప చుట్ట పారేసి లేచాడు. "నష్టం పైసలు ఎప్పుడొచ్చినయే మీకు? ముందటేడు రాసుకపోలేదా? వచ్చినయా? అవి గాల్ల ఉన్నయ్. లారీ రోడ్డు మీద ఉన్నది. ఒదినె, నువ్వు పెట్టు సంతకం, నీ ఎనక అందరు పెడ్తరు."

"గీ ఎండినోళ్ల పేర్లు తీసెయ్యి," అంది భాగమ్మ మునీంతో. "వాళ్లవి నా మీద రాయి."

"నీకెంతనని రాయాలె అవ్వా. నీకున్న రెండెకరాలకు తొంభయ్యే ఎక్కువైతుంది. అందరి పేర్లుంటేనే లెక్క కూడుతది. సేటు ఖరాకండిగ చెప్పిండు."

భాగమ్మ కలం పట్టుకుంది. సంతకం సంఘంలోనే నేర్చుకుంది, మూడక్షరాలు, బాగానే రాస్తుంది. ఎదురుగా కిష్టప్ప. కౌలు కట్టాల్సిన మనిషి, ఆయన మాటలో అబద్ధం లేదు. పక్కన లక్ష్మమ్మ. ఆమె మాటలోనూ లేదు. మిగతావాళ్లంతా తన చేతి వైపే చూస్తున్నారు. మార్పిడి చేద్దామన్న రోజు కూడా అలాగే చూశారు. తను ఏమంటే అదే అన్నారు.

"పెడ్తవా పెట్టవా," అన్నాడు కిష్టప్ప.

"పెట్ట."

"ఎందుకు పెట్టవు?"

"లక్ష్మమ్మ చేను నేను చూసిన."

"అందరం చూసినం."

"చూసినోళ్లం పండిందని ఎట్ల రాస్తం కిష్టప్పా."

ఆమె గొంతు పెంచలేదు. కలం మునీం జేబులో పెట్టి కాగితాలు ఆయన ముందుకు తోసింది. కిష్టప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "మా కందులు ముంచినవ్ ఒదినె," అని మెట్లు దిగి పోయాడు. ఆయన వెనక కొందరు పోయారు. ఇంకొందరు కాసేపు కూర్చుని పోయారు. లక్ష్మమ్మ స్తంభం పక్కనే ఉండిపోయింది. ఆమెది తప్పని ఎవరూ అనలేదు, ఆమెతో ఎవరూ మాట్లాడలేదు.

సోమవారం దాటింది. మలేషియా వ్యాపారి వద్దన్నాడు. నిలబెట్టినందుకు రోజుకింత బాడుగ పెరుగుతుంటే లారీని వెనక్కి పిలిపించారు.

తీరా పిలిపించాక ఎక్కడికి పోవాలో తెలియలేదు. యార్డులో కందులు కొంటారు, పప్పు కొనరు. వికారాబాద్ కిరాణా కొట్ల వాళ్లు ఒక సంచి, రెండు సంచులు చాలన్నారు. కొడంగల్ సంగతీ అంతే. మిగతా మిల్లుల వాళ్లు, బాలప్ప దగ్గర ఎత్తిన సరుకా, ఆయనకే అమ్ముకోండి అన్నారు. నాలుగు చోట్ల తిరిగి శ్యామల చివరకు బాలప్పకే ఫోను చేసింది. ఆయన కోపగించుకోలేదు. తీసుకురమ్మన్నాడు. ధర ఆయన చెప్పినదే. లారీ బాడుగ పోను కందులు యార్డులో అమ్మినదానికన్నా తక్కువే పడుతుంది.

భాగమ్మ డ్రైవర్ పక్కన కూర్చుని లారీతోపాటు వచ్చింది. మిల్లు గేటు ముందు లారీలు వరస కట్టి ఉన్నాయి. గేటు దగ్గర ఈమధ్య కొత్తగా ఒక బల్ల వేసి మనిషిని కూర్చోబెట్టారు. లోపలికి పోయే ప్రతి లారీ ఎక్కడిదో అడిగి రాసుకుంటున్నాడు. తన వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికెక్కింది.

"ఏం లోడు?"

"పప్పు," అన్నాడు డ్రైవర్.

"ఎక్కడి సరుకు?"

భాగమ్మ కిటికీలోంచి వంగింది. "గీ మిల్లుదే. ఈడికెల్లే ఎత్తుకపోయినం."

ఆ మనిషి నవ్వాడు. "మిల్లుది మిల్లుకెట్ల వస్తదవ్వా. ఊరు పేరు చెప్పు. ఊరు రాయకుంట లోపలికి పంపొద్దని సేటు చెప్పిండు."

"సేటు చెప్పిండా?"

"సేటే చెప్పిండు. నాగులకుంట లారీ వస్తది, యాదితోని రాసుకో అన్నడు. మీదేనా అది?"

భాగమ్మ ఆ బుక్కు వైపు చూసింది. ఊరి పేరు ముందే తెలిసినా సేటు దాన్ని తన నోటితోనే ఎందుకు చెప్పిస్తున్నాడో ఆమెకు అప్పుడు తట్టింది. ఆ బుక్కులో నాగులకుంట నుంచి ఒక లారీ వచ్చిందని పడితే, ఒకటి పక్కన సున్నా పెట్టి పది చేసుకోవడానికి సేటుకు ఎవరి సంతకమూ అక్కర్లేదు.

"చెప్పరాదే అవ్వా," అన్నాడు డ్రైవర్. "ఊరి పేరు చెప్తే ఏం పోయింది. నాకు సాయంత్రం ఇంకో బాడుగున్నది."

వెనక లారీవాడు హారన్ కొట్టాడు. వాడి వెనకవాడు కూడా కొట్టాడు. గేటు లోపల ఆడవాళ్లు కందులు తిరగేయడం ఆపి ఇటు చూశారు. సంచులు దింపితే ఎంతోకొంత చేతికొస్తుంది, అది పట్టుకుపోయి అరవై ఇళ్లకు పంచాలి. దింపకపోతే ఈ లారీ పోవడానికి ఇంకో గేటు లేదు.

"ఊరు, అవ్వా," అన్నాడు బల్ల దగ్గరి మనిషి, కలం కాగితం మీద ఆనించి.

భాగమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని గేటుకు అడ్డంగా వేసిన ఇనుప గొట్టాన్ని చూస్తూ కూర్చుంది. హారన్లు మోగుతూనే ఉన్నాయి.